పన్నెండు వేల కుట్ల బొంత

నా ముందు ఒక బొంత పరిచి ఉంది. పొడవు 84 అంగుళాలు, వెడల్పు 45. కాటా మీద పెడితే కిలో ఆరువందల గ్రాములు తూగింది. పై పొర చీరాల నేతచీర. ఒకప్పుడు ముదురు నీలం. ఇప్పుడు ఎండ తగలని మడతల్లోనే ఆ నీలం మిగిలింది, తక్కినదంతా వాన మబ్బు రంగుకు దిగిపోయింది. 1984లో, తమ్ముడి పురిటికి అమ్మ పుట్టింటికి వచ్చిన చలికాలంలో, మా అమ్మమ్మ దీన్ని కుట్టింది. ఊరు బాపట్ల దగ్గర ఒక పల్లె. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మమ్మకు చత్వారం వచ్చేసింది కాబట్టి సూదికి దారం ఎక్కించడం నా వంతు.

నలభై ఏళ్ళుగా ఈ బొంత మా ఇంట్లో ఉంది. జ్వరం వస్తే కప్పుకున్నాం, వేసవిలో డాబా మీద పరుచుకున్నాం, ఇల్లు మారినప్పుడల్లా టీవీకి చుట్టి లారీ ఎక్కించాం. ఇంతకాలానికి మొన్న దీన్ని నేల మీద పరిచి, టేపు పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, వరసలు లెక్కపెట్టాను. పొడవునా 48 వరసలున్నాయి. వరసకూ వరసకూ మధ్య ఎడం అంగుళానికి కాస్త తక్కువ. అంగుళానికి మూడు కుట్లు. అంటే వరసకు 252, మొత్తం 12,096.

పన్నెండు వేల కుట్లు! రెండు గేదెలు, ఎనిమిది మందికి వంట, పురిటికి వచ్చిన కూతురు, బడి నుంచి వచ్చే పిల్లలు, ధాన్యం ఇంటికి చేరే రోజులు. ఇన్నింటి మధ్య ఒక మనిషి వీటిని కుట్టింది. ఒక్కసారి కూడా ఆవిడ "ఇవాళ మనసు లేదు" అనగా నేను వినలేదు. ఇన్ని సౌకర్యాలున్న నా ఇంట్లో సగంలో ఆగిన పనులు ఎన్నో ఉన్నాయి. పెయింటు వేద్దామని గీకి వదిలేసిన కిటికీ, నాలుగు పాఠాలు దాటని వీణ, ఆల్బంలోకి ఎక్కని ఫోటోల కట్ట. ఆవిడ పని ఎలా పూర్తయింది, నాది ఎందుకు ఆగింది? ఆ జవాబు వెతకడానికే ఈ బొంతను కుట్టు కుట్టుగా చూశాను. జవాబు పనితనంలోనే దొరికింది.

చీరను చదవడం

బొంతకు మన భాషలో పెద్ద గౌరవం లేదు. ఒకరికొకరు సరిపోయారని ఎగతాళి చేయాలంటే గంతకు తగ్గ బొంత అంటాం. కాకుల్లో కూడా మోటుదాన్ని బొంతకాకి అన్నాం. చిరిగిన బట్టల కుప్పే బొంత అనుకునేవాళ్ళు చాలామంది. అసలు పని మొదలయ్యేది ఆ చిరుగుల్లో ఏది పనికొస్తుందో చదవగలగడంతో.

చీర అంతటా ఒకేలా అరగదు. కూర్చునే చోట పలచబడుతుంది. మడమల దగ్గర అంచు నేలకు రాసుకుని పీచు లేస్తుంది. బొడ్లో దోపుకునే చోట చెమటకు నూలు పెళుసవుతుంది. కుచ్చిళ్ళ భాగం మాత్రం మడతల చాటున ఉండి చాలాకాలం గట్టిగా ఉంటుంది. అమ్మమ్మ చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసేది. నూలు ఎక్కడ సన్నబడిందో అక్కడ వెలుగు ఎక్కువగా దిగుతుంది. ఆ చోట గోటితో ఒక గీత గీసి పక్కన పెట్టేది.

ఈ బొంతలో నాలుగు చీరలున్నాయి. నాలుగింటిలోకీ గట్టిది పైపొర అయింది. ఆరు గజాల చీరను సగానికి మడిస్తే పైనా కిందా కప్పడానికి ఒకటే సరిపోతుంది, ఒక పక్క కుట్టే అవసరం కూడా తప్పుతుంది. పొడవు చాలినంత ఉంచుకుని మిగిలిన దాదాపు నాలుగడుగుల ముక్క లోపలికి పోయింది. తక్కిన మూడు చీరల్లో మంచి భాగాలన్నీ లోపలి పొరలయ్యాయి. మరీ జాలీలా అయిపోయిన చోట్లు మసిగుడ్డలయ్యాయి.

ముక్కలు చేయడానికి ఆవిడ కత్తెర వాడేది కాదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగేది. పడుగు పోగులు తెగుతూ పోతే చిరుగు పేక వెంటే నడుస్తుంది. గీత గీయకుండానే నిటారైన అంచు వచ్చేస్తుంది. కత్తెరతో కోసినది చేతిని బట్టి వంకర పోవచ్చు. చింపినది నేతను బట్టి పోతుంది, నేత వంకర పోదు. చిన్నప్పుడు ఆ చప్పుడు నాకు భయంగా ఉండేది. ఆ చప్పుడు వెనక ఎంత లెక్క ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

ఇక్కడే నాకు మొదటి పాఠం దొరికింది. ఆవిడ బొంత కోసం ఏమీ కొనలేదు, దారం ఒక్కటి తప్ప. కొత్త సామాను వచ్చాక మొదలుపెడదాం అన్న మాట ఆ పనిలో లేదు. నా కిటికీ పని ఆగింది మంచి బ్రష్ దొరకలేదని. వీణ ఆగింది మంచి గురువు దగ్గరలో లేరని. బొంత మాత్రం ఇంట్లో ఏముందో దాంతో, ఉన్నచోటే మొదలవుతుంది.

పరవడం, టాకా వేయడం

బొంత కుట్టడంలో అన్నిటికన్నా కష్టమైన పని సూది పట్టకముందే జరిగిపోతుంది. అది పొరలు పరవడం. అమ్మమ్మ గంజి పూర్తిగా పోయేలా చీరలను రెండుసార్లు ఉతికి ఎండబెట్టింది. గంజి ఉన్న గుడ్డ మడత దగ్గర మొండికేస్తుంది, సూదికి అడ్డం పడుతుంది. వసారా తుడిచి, ఆరాక, కింది పొర పరిచి, నాలుగు మూలలూ నలుగురం పట్టుకుని లాగాం. ఒక మూల పొత్రం, ఒక మూల ఇత్తడి చెంబు, మిగతా రెండు చోట్ల కందిపప్పు డబ్బాలు బరువు పెట్టాం. దానిమీద లోపలి పొరలు ఒక్కొక్కటీ పరుచుకున్నాం.

ఇప్పుడు బొంత మీద అరచేయి నెమ్మదిగా కదిపితే ఆవిడ చేసిన ఏర్పాటు తెలుస్తుంది. ఒక పొరలో పలచని చోటు వస్తే దాని కింద ఇంకో చీర కుచ్చిళ్ళ భాగం ఉంది. అతుకులు ఎక్కడా ఒకదానిమీద ఒకటి పడలేదు. గోడ కట్టే మేస్త్రి ఇటుకల సందులు ఒకే నిలువులో రానివ్వనట్టే, ఇక్కడ అతుకులు ఒకే చోటికి రాలేదు. ఎక్కడ తడిమినా అయిదు పొరలకు తగ్గదు, ఏడు దాటదు. అందుకే నలభై ఏళ్ళ తర్వాత కూడా దీంట్లో గడ్డ కట్టిన చోటు గానీ డొల్లగా ఉన్న చోటు గానీ లేదు.

తర్వాత టాకాలు. బెత్తెడేసి పొడవున్న తాత్కాలికపు కుట్లు ఇవి, పని అయ్యాక పీకేస్తారు. మధ్యలో మొదలుపెట్టి నాలుగు దిక్కులకూ అంచు వైపు వేసుకుంటూ పోవాలి. అంచు నుంచి మధ్యకు వస్తే ముడతలన్నీ నడిమధ్యకు చేరి, దారి లేక అక్కడే చిక్కుపడతాయి. మధ్య నుంచి బయటికి పోతే ప్రతి ముడతకూ అంచు దాటిపోయే దారి ఉంటుంది. ఈ ఒక్క క్రమం తప్పితే తర్వాత ఎంత నేర్పుగా కుట్టినా బొంత సాపుగా రాదు.

ఆ టాకాల దారం ఇప్పుడు బొంతలో లేదు. కానీ ఒక మూల, అంచు మడతలో, పీకడం మరిచిన ఎర్రదారం రెండంగుళాలు దొరికింది నాకు. దాన్ని అలాగే ఉంచాను.

పరవడానికీ టాకాలు వేయడానికీ కలిపి ఒక పూట పట్టింది. ఆ పూట అయ్యాక ఇక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు. ఏ చీర ఎక్కడ, ఎంత పొడవు, ఎటు నుంచి ఎటు అన్న ప్రశ్నలన్నీ టాకాల్లో తేలిపోయాయి. రేపు కూర్చున్నప్పుడు చేయాల్సింది కుట్టడం ఒక్కటే. పని మీద మనకు విసుగు పుట్టేది చాలాసార్లు చేతి శ్రమ వల్ల కాదని నాకిప్పుడు అనిపిస్తుంది. కూర్చున్న ప్రతిసారీ ఎక్కడ మొదలుపెట్టాలా అని మళ్ళీ మొదటినుంచి ఆలోచించాల్సి రావడమే మనిషిని అలిసిపోయేలా చేస్తుంది. ఆవిడ ఆలోచనంతా ఒక పూటలో ముగించి, చేతికి మాత్రమే పని మిగుల్చుకుంది.

ఒకే ఒక్క కుట్టు

గొలుసు కుట్టు, కాడ కుట్టు, వెనక కుట్టు అన్నీ ఆవిడకు వచ్చు. అమ్మ రవికె చేతులకు కుట్టిపెట్టింది కూడా. బొంతలో మాత్రం ఒకే ఒక్క కుట్టు ఉంది. సూది కిందికి దిగి, పైకి వచ్చి, ముందుకు పోవడం. చిన్నపిల్లకు కూడా మొదట నేర్పేది అదే.

ఆ సాదా కుట్టునే ఎంచుకోవడంలో తెలివి ఉంది. అయిదారు పొరలను సూది ఒకేసారి దాటాలి. క్లిష్టమైన కుట్టు అయితే దారం బిగిసి గుడ్డ ముడుచుకుపోతుంది. సాదా కుట్టు పొరలను పట్టుకుంటుంది గానీ బిగించదు. కుట్టు పడిన చోట గుడ్డ కొద్దిగా లోపలికి కుంగి, రెండు వరసల మధ్య బోర్లించిన కాలువలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో గాలి కదలకుండా నిలుస్తుంది. చలిని ఆపేది ఆ నిలిచిన గాలే. కుట్లు మరీ దగ్గరైతే గాలికి చోటుండదు. మరీ ఎడమైతే ఉతికినప్పుడు లోపలి ముక్కలు జరిగి ఒక మూలకు చేరతాయి. అంగుళం లోపు ఎడం, అంగుళానికి మూడు కుట్లు అన్న ఈ కొలత ఏ పుస్తకంలో చదివిందీ కాదు, ఎన్నో బొంతలు ఉతికి చూసిన చేతులు తేల్చుకున్నది.

వరసలు ఇంత నిటారుగా ఎలా వచ్చాయా అని ఆశ్చర్యపోయాను. భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది. పై చీరలో నీలం మీద వెంట్రుకవాసి తేడాతో ఇంకాస్త ముదురు నీలం చార ఉంది. నేతగాడు వేసిన ఆ చారను పట్టుకునే సూది నడిచింది. మగ్గం మీద ఎవరో గీసిన గీత వెంట, అనేక ఏళ్ళ తర్వాత, ఇంకొకరి సూది వెళ్ళింది.

దారాన్ని ఆవిడ కొవ్వొత్తి మీదుగా ఒకసారి లాగేది. మైనం పట్టిన దారం చిక్కుపడదు, పొరల గుండా జారుతుంది. రెండు మూరలకు మించి దారం తీసుకునేది కాదు. పొడుగు దారమైతే మళ్ళీమళ్ళీ ఎక్కించే పని తప్పుతుంది కదా అని నేను అడిగాను. పొడుగు దారం రాసుకుని రాసుకుని చివరికొచ్చేసరికి నూలు వీగి తెగుతుంది. ఆ మాట చెప్పకుండా నా చేతే ఒకసారి బారెడు దారం ఎక్కింపజేసి, సగంలో అది తెగడం చూపించింది. లెక్క వేస్తే ఈ బొంతకు నేను నూట ఇరవైసార్లకు పైగా దారం ఎక్కించి ఉంటాను.

ముడులు ఎక్కడా పైకి కనిపించవు. ప్రతి ముడినీ పొరల మధ్యకు లాగి దాచింది. వెనకవైపు తిప్పి చూసినా ముందువైపులాగే ఉంటుంది. ఎవరూ చూడని వైపును కూడా ఇంత శుభ్రంగా ఉంచిన పనిని చూసి నమస్కారం పెట్టాలనిపించింది నాకు.

ముప్పై ఒకటో వరసలో మాత్రం పందొమ్మిది కుట్లు పెద్దవిగా, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉన్నాయి. వాటిని చూడగానే గుర్తుపట్టాను. అవి నావి. దారం ఎక్కించి ఎక్కించి విసుగెత్తి నేనూ కుడతానంటే సూది చేతికిచ్చింది. నేను లేచి ఆడుకోవడానికి పోయాక వాటిని విప్పి సరిచేసి ఉంటుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. విప్పలేదు. నా పందొమ్మిది కుట్లు ఎక్కడ ముగిశాయో సరిగ్గా అక్కడినుంచి ఆవిడ చిన్న కుట్లు మళ్ళీ మొదలయ్యాయి. పని ముందుకు సాగడమే ఆవిడకు ముఖ్యం. పిల్ల చేయి పడిన గుర్తు అందులో ఉండిపోతే ఆవిడకు అభ్యంతరం లేదు.

సూదిని ఎక్కడ ఆపాలి

ఇప్పుడు కాలం లెక్క. ఒక వరస కుట్టడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, సాయంత్రం పాలు పితికే వేళ లోపు, ఆవిడ రెండు వరసలు కుట్టేది. ఈ లెక్కన 48 వరసలకు 24 మధ్యాహ్నాలు చాలు. కొండంత కనిపించే పని నిజానికి ఒక నెల కూడా లేదు. రోజుకు ఒక్క వరసే కుట్టినా, అయ్యప్ప మాలవాళ్ళ 41 రోజుల మండల దీక్షకు ఒక వారం కలిపినంత.

ఆవిడ ఆపే తీరు మాత్రం నాకు అప్పట్లో వింతగా ఉండేది. గేదె అరవగానే లేచేది. వరస చివరిదాకా వచ్చి ఆగుదాం అనుకునేది కాదు. సూది మీద నాలుగు కుట్లు ఎక్కించి, దారం లాగకుండా, సూదిని గుడ్డలోనే భద్రంగా గుచ్చి, బొంతను మడిచి నవారు మంచం మీద పెట్టేది. బీరువాలోనో అటక మీదో పెట్టేది కాదు. అటు వెళ్ళినప్పుడల్లా అందరికీ అది కనిపించేది. మరునాడు కూర్చోగానే ఆవిడ చేసే మొదటి పని, నిన్న ఎక్కించిన నాలుగు కుట్ల గుండా దారం లాగడం. అంటే కూర్చునేసరికే పని నడుస్తూ ఉండేది.

చాలా ఏళ్ళ తర్వాత దీనికి ఒక శాస్త్రం ఉందని చదివాను. బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ దగ్గర చదువుకున్న మరియా ఓవ్‌సియాంకినా అనే పరిశోధకురాలు 1928లో ఒక అధ్యయనం ప్రచురించింది. మనుషులకు చిన్నచిన్న పనులు అప్పగించి, అవి సగంలో ఉండగా ఆపించింది. కాస్త వీలు దొరకగానే వాళ్ళలో చాలామంది, ఎవరూ అడగకపోయినా, ఆగిన పనిని తమంత తామే మళ్ళీ అందుకున్నారు. సగంలో ఉన్న పని మనిషిని తనవైపు లాగుతుందని ఆమె తేల్చింది. బాపట్ల దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ ఆ లాగుడును సూది మీద నాలుగు కుట్లలో నిలవ చేసుకునేది.

ఈ విషయంలో నా పనులకూ ఆవిడ పనికీ ఉన్న తేడా స్పష్టంగా కనిపించింది. నావీ సగంలో ఉన్నవే. కానీ నావి మూసి ఉన్నాయి. వీణకు గలేబు తొడిగి గది మూలన పెట్టాను, ఫోటోలు పెట్టెలో ఉన్నాయి. మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు తీయాలి, దుమ్ము దులపాలి, ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకోవాలి. ఆగిన పని మనల్ని పిలవాలంటే కంటికి ఎదురుగా ఉండాలి, తర్వాతి అడుగు అప్పటికే సిద్ధంగా ఉండాలి.

ఎవరి కోసమో

ఇంకో బలం కూడా ఆ పని వెనక ఉంది. బొంత ఎవరికో అందాలి, ఒక రోజుకు అందాలి. పసిగుడ్డుకు కొత్త బట్ట గుచ్చుకుంటుంది. ఎన్నో ఉతుకులు చూసిన నూలుచీర చర్మానికి మెత్తగా ఉంటుంది. అందుకే పురుడు దగ్గరపడే ఇళ్ళలో పాతచీరలు బయటికి వచ్చేవి.

ఈ అలవాటు మనకొక్కరికే సొంతం కాదు. బెంగాల్ ఆడవాళ్ళు పాతచీరల పొరలతో కుట్టే కంథాలకు చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలనే వాడేవారు. బొంతకు సంస్కృతంలో ఉన్న పేరూ కంథే. బీహార్‌లో సుజని పసిబిడ్డను చుట్టే పాతబట్టగానే మొదలై, ఇప్పుడు పేరున్న కుట్టుకళగా ఎదిగింది. ఉత్తర కన్నడ అడవి ఊళ్ళలో సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది బొంతకు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. మూలల్లో పువ్వుల్లాంటి చిన్న ముక్కలు మడిచి కుడతారు. కోల్‌కతా శివార్లలోని జోకాలో ఉన్న గురుసదయ్ మ్యూజియం సేకరణలో మానదాసుందరి అనే ఆవిడ తన తండ్రి కోసం కుట్టిన కంథా ఉంది. మనుషులు, గుర్రాలు, సిపాయిలు అందులో కిక్కిరిసి ఉంటారు. తాను ఎవరో, ఎవరి కోసం కుట్టిందో ఆ గుడ్డలోనే రాసుకుంది. అంత పని ఆమె చేత చేయించిన బలం ఏమిటో ఆ రాత చూస్తే అర్థమవుతుంది.

అమ్మమ్మ ఏమీ రాయలేదు. కానీ తమ్ముడు పుట్టిన రోజు బొంత మీద గుర్తుగా మిగిలింది. నలభై నాలుగో వరస తర్వాత దారం తెలుపులో ఛాయ మారింది. పాత రీలు అయిపోయిందో, పురిటి హడావిడిలో ఎక్కడ పడిపోయిందో, మిగతా నాలుగు వరసలూ కాస్త పసుపు ఛాయ ఉన్న దారంతో ఉన్నాయి. పుట్టాక కూడా పని ఆగలేదు. బారసాల నాటికి బిడ్డ దీనిమీద పడుకున్నాడు.

నా నాలుగు చీరలు

అమ్మ పోయాక ఆవిడ నూలుచీరలు నాలుగు నా బీరువా కింది అరలో పెట్టుకున్నాను. బొంత కుట్టాలని మొదటి రోజే అనుకున్నాను. రెండు వేసవులు గడిచాయి. తీరిక దొరికే పెద్ద రోజు కోసం చూశాను, మనసు నిబ్బరపడే రోజు కోసం చూశాను. అలాంటి రోజు ఒకటి తనంత తాను రాదని పాత బొంతను లెక్కపెట్టిన సాయంత్రం నాకు తెలిసింది. మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల.

మరునాడే ఒక చీరను వెలుతురుకు పట్టుకున్నాను. కూర్చునే చోట పలచబడి ఉంది. ఎడమ భుజం దగ్గర అమ్మ పిన్ను పెట్టుకునే చిన్న రంధ్రం కనిపించింది. గాటు పెట్టి చింపేటప్పుడు చేయి వణికింది. ఆ ఒక్క చప్పుడు దాటాక తర్వాతిది కష్టం కాలేదు. ఒక ఆదివారం పొద్దున మా ఆయనా నేనూ హాల్లో పొరలు పరిచి టాకాలు వేశాం. అక్కడితో ఆలోచన అయిపోయింది.

రోజుకు ఒక వరస అని పెట్టుకున్నాను. రాత్రి భోజనం తర్వాత, సోఫాలో. మొదటి మూడు వరసలు పాములా వచ్చాయి. విప్పలేదు. పదో వరసకు చేయి కుదురుకుంది. కొన్ని రోజులు ఆఫీసు నుంచి ఆలస్యమై నాలుగే కుట్లు కుట్టాను. కానీ సూదిని మాత్రం ప్రతి రాత్రీ గుడ్డలోనే గుచ్చి, బొంతను సోఫా చేతి మీదే వదిలాను. చుట్టాలు వస్తే ఇల్లు చిందరవందరగా ఉందని మొహమాటపడ్డాను గానీ తీసి లోపల పెట్టలేదు. వచ్చినవాళ్ళలో ఇద్దరు చూసి ఊరుకోలేక తలా నాలుగు కుట్లు వేసి వెళ్ళారు. అవీ విప్పలేదు.

మనవరాలు పుట్టేనాటికి ఆరు వరసలు మిగిలాయి. ఆస్పత్రి వరండాలో రెండు, ఇంటికి వచ్చాక నాలుగు కుట్టాను. మొత్తం 61 రోజులు పట్టింది. అమ్మమ్మ బొంత పక్కన పెడితే నాది మోటుగా ఉంటుంది. అంగుళానికి రెండే కుట్లు పడ్డాయి, రెండు చోట్ల ముడత చిక్కుకుంది. కానీ పూర్తయింది. రెండేళ్ళలో కదలని పని అరవై ఒక్క రాత్రుల్లో ఎలా కదిలిందో నాకు తెలుసు. నాకు కొత్తగా పట్టుదల రాలేదు, ఉత్సాహం పొంగలేదు. నేను చేసిందల్లా అమ్మమ్మ పద్ధతిని పాటించడమే. ఉత్సాహం ఏ పదిహేనో వరస దగ్గరో, అడక్కుండానే వచ్చి పక్కన కూర్చుంది.

ఇప్పుడు నా ఎనిమిదేళ్ళప్పటి ఆ వసారాను తలుచుకుంటే ఆవిడ నేర్పు పూర్తిగా కనిపిస్తుంది. ఉన్న గుడ్డతో మొదలుపెట్టింది. ఆలోచనను ఒక పూటలో ముగించింది. అందరికీ వచ్చిన కుట్టునే వాడింది. రోజుకు ఇంత అని పెట్టుకుని అంతకు మించి ఆశపడలేదు. సగంలో ఆపి కంటి ముందు ఉంచింది. తప్పు కుట్లను పనిలో కలుపుకుంది. ఎవరి కోసమో ఎప్పుడూ మరిచిపోలేదు. ఇంట్లో చేసే ఏ పనికైనా, మనిషి తనకోసం పెట్టుకునే ఏ లక్ష్యానికైనా ఇంతకన్నా మంచి పనితనం నాకు ఎక్కడా కనబడలేదు.

మీ బీరువాలో కూడా ఎవరివో నాలుగు పాతచీరలు ఉండే ఉంటాయి, లేదా మూలన మూసిపెట్టిన ఇంకేదో పని ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీసి హాల్లో పరవండి. ఒక్క వరస కుట్టండి. సూదిని అక్కడే గుచ్చి ఉంచండి.